అమెరికా వేట లెక్క నల్లమలకు కుదరదు

గుంటూరు, విజయవాడల్లో అమెరికాతో రాకపోకలు లేని బంధువర్గం ఇప్పుడు అరుదు. అక్కడి నుంచి డబ్బూ వస్తువులూ వచ్చినట్టే వాదనలు కూడా వస్తాయి. విస్కాన్సిన్‌లో స్థిరపడిన మా మేనల్లుడు ఏటా నవంబరులో లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళతాడు. సెలవులకు ఇక్కడికి వచ్చినప్పుడు అతను నన్ను అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "మావయ్యా, అక్కడ లక్షలమంది వేటాడుతున్నా జింకలు తగ్గలేదు, పైగా పెరిగాయి. వేట ఆపితేనే అవి ఆకలికీ రోగాలకీ పోతాయి. మనవాళ్ళు పూర్తిగా నిషేధించి ఏం కాపాడారు?" ఈ మాట అతను ఆకతాయితనంగా అనడు, చదివి అంటాడు. జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నాకు దానికి రెండు ముక్కల్లో జవాబు చెప్పి తోసిపుచ్చడం అన్యాయమనిపిస్తుంది. మాచర్ల, దుర్గి వైపు వెళ్ళినప్పుడు దాదాపు ఇదే మాట మరో రకం మనిషి నోట వింటాను: "అడవి నిండా దుప్పులే, నాలుగు పోతే తరిగిపోతాయా?" ఒకటి చదువు చెప్పించిన మాట, మరొకటి అలవాటు చెప్పించిన మాట. రెండింటికీ ఆధారంగా ఉన్న నమ్మకం మాత్రం ఒక్కటే. అడవిలో ఎప్పుడూ కొంత మిగులు ఉంటుందనీ, దాన్ని మనిషి తీసుకుంటే మందకు నష్టం లేదనీ ఇద్దరూ అనుకుంటున్నారు.

అటువంటి మిగులు కొన్ని చోట్ల నిజంగానే ఉంటుంది. నల్లమలలో లేదు. ఈ తేడా ఎందుకు వస్తుందో వివరించడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. వేట వల్ల ఒక దుప్పి మంద బతుకు మెరుగుపడుతుందా, దెబ్బతింటుందా అన్నది చంపిన తలల సంఖ్యను బట్టి తేలే విషయం కాదు. మనిషి చంపకపోయి ఉంటే ఆ జంతువు ఏమై ఉండేది, చచ్చినది ఆడదా మగదా, దాని వయసెంత అనే ప్రశ్నలకు జవాబు తెలిస్తే తప్ప ఆ సంఖ్యకు అర్థం ఉండదు. నేను ప్రధానంగా మచ్చల దుప్పి గురించీ, కొంతమేరకు కణుజు గురించీ మాట్లాడుతున్నాను. మన రాష్ట్ర జంతువైన కృష్ణజింక శాస్త్రరీత్యా వేరే కుటుంబానికి చెందినదే అయినా, దాన్ని కూడా ఈ లెక్క నుంచి మినహాయించనవసరం లేదు.

ముందుగా వేట సమర్థకుల పక్షాన ఉన్న బలమైన సాక్ష్యాన్ని చూడాలి. స్కాట్లండు పడమటి తీరానికి ఎదురుగా రమ్ అనే దీవి ఉంది. అక్కడ ఎర్రజింకలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టి, పుట్టినప్పటి నుంచి చచ్చేదాకా వాటి జీవితాన్ని నమోదు చేసే పని దశాబ్దాలుగా సాగుతోంది; టిమ్ క్లటన్-బ్రాక్ అనే శాస్త్రవేత్త పేరు ఆ పరిశోధనతో ముడిపడి ఉంటుంది. దీవిలో తోడేళ్ళు లేవు, జింకను చంపగల మరే మృగమూ లేదు. దీవి ఉత్తర భాగంలో 1972 తర్వాత జింకలను కాల్చడం ఆపేశారు. పదేళ్ళు గడిచేసరికి అక్కడి ఆడజింకల సంఖ్య దాదాపు మూడింతలయింది. అక్కడితో పెరుగుదల ఆగింది. ఎలా ఆగిందన్నదే ముఖ్యం. గడ్డి అంతే ఉండి నోళ్ళు పెరగడంతో చలికాలంలో పిల్లలు ఎక్కువగా చావసాగాయి, వాటిలోనూ మగపిల్లలు మరీ ఎక్కువగా పోయాయి. ఆడవి తొలిసారి ఈనే వయసు పెరిగింది. ఈనేవాటి శాతం కూడా తగ్గింది. అంత ఇరుకులోనూ ఈడొచ్చిన ఆడజింకల మరణాలు మాత్రం పెద్దగా పెరగలేదు. అంటే తూటా చేసే పనిని ఆకలి చేపట్టింది, కాకపోతే తల్లులను వదిలి పిల్లల మీద పడింది. ఇటువంటి చోట మనిషి కొన్ని జింకలను తీసేస్తే మిగిలినవాటికి మేత పెరుగుతుంది, పిల్లలు బతుకుతాయి, పోయిన తలలకు బదులు కొత్తవి వస్తాయి. శాస్త్రవేత్తలు దీన్ని భర్తీ అయ్యే మరణం అంటారు. ఎటూ చావవలసిన వాటిలో కొన్నింటినే వేటగాడు ముందుగా తీసుకున్నాడన్నమాట.

తినే మృగం లేని చోట జింకజాతి ఎంత దూరం పోగలదో చూపే ఉదాహరణ బేరింగ్ సముద్రంలోని సెయింట్ మాథ్యూ దీవి. 1944లో అక్కడ 29 రెయిన్‌డీర్లను వదిలారు. 1963 నాటికి అవి 6,000 అయ్యాయి. దీవి మీది మేతనంతా నాకేసిన తర్వాత ఆ ఏటి శీతకాలం చాలా కఠినంగా వచ్చింది. తరువాత లెక్కించినప్పుడు మిగిలినవి 42. మన మచ్చల దుప్పి కూడా ఇందుకు అతీతం కాదు. 1860ల చివర్లో హవాయి రాజుకు కానుకగా మొలొకాయి దీవికి చేరిన కొద్దిపాటి దుప్పుల సంతానం ఈనాడు ఆ దీవుల్లో వేల సంఖ్యలో తిరుగుతూ, పంటలనూ అడవినీ మేసేస్తూ, కరవొచ్చిన ఏట ఎండిన నేల మీద గుంపులు గుంపులుగా చస్తోంది. బ్రిటిష్ పాలకులు అండమాన్‌కు తీసుకెళ్ళి వదిలిన దుప్పులు అక్కడి అడవిలో లేతమొక్కను ఎదగనివ్వడం లేదు. అండమాన్‌లో పులి లేదు, చిరుత లేదు, రేచుకుక్క లేదు. ఆ దీవుల్లో దుప్పులను తగ్గించాలని ఎవరైనా అంటే నేను అడ్డు చెప్పను. మా మేనల్లుడి వాదన అక్కడ సరిపోతుంది.

అతను ఉంటున్న దేశపు చరిత్రను మాత్రం అతను సగం నుంచి చదివాడని నా అభిప్రాయం. 1900 ప్రాంతంలో అమెరికాలో తెల్లతోక జింకలు 5 లక్షలకు మించి లేవని అంచనా. మాంసం కోసం, తోలు కోసం ఏడాది పొడవునా సాగిన వ్యాపార వేటే వాటిని ఆ స్థితికి తెచ్చింది. ఇప్పుడు అవి 3 కోట్ల దాకా ఉన్నాయని చెబుతారు, ఏటా సుమారు 60 లక్షల జింకలను వేటాడుతున్నారు. మధ్యలో ఏం జరిగింది? దొంగతనంగా వేటాడిన జంతువుల మాంసాన్ని రాష్ట్రాల మధ్య అమ్మడాన్ని 1900లో లేసీ చట్టం నేరం చేసింది. ఆ తర్వాత ఒక్కొక్క రాష్ట్రం మగజింకను తప్ప ఆడజింకను కాల్చరాదని చట్టాలు చేసుకుంటూ పోయింది. పెన్సిల్వేనియా 1907లోనే ఆ పని చేసింది. వేటకు నెలలు నిర్ణయించారు. 1937లో తుపాకుల మీదా తూటాల మీదా వసూలయ్యే పన్నును వన్యప్రాణుల పనికే కేటాయించారు. జింకలు పెరిగింది ఈ కట్టడి వల్ల. తోడేళ్ళనూ కొండసింహాలనూ దేశపు తూర్పు భాగమంతటా దాదాపు తుడిచిపెట్టడం, అడవుల మధ్య పొలాలూ తోటలూ పెరిగి మేత సమృద్ధి కావడం దానికి తోడయ్యాయి. వేట వల్ల జింకలు పెరగలేదు. వేటను బిగించి పట్టినందువల్ల పెరిగాయి. ఈనాడు అక్కడి అధికారులు ఒక జిల్లాలో జింకలను తగ్గించాలనుకుంటే ఆడజింకలను చంపే అనుమతులు పెంచుతారు, పెంచాలనుకుంటే ఆ అనుమతులు ఆపేస్తారు. జింకల సంఖ్యను నడిపించేది ఆడజింకేనని ఆ దేశంలో లైసెన్సులు ఇచ్చే గుమస్తాకు సైతం తెలుసు.

ఇప్పుడు మన అడవికి వద్దాం. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం పల్నాడు, ప్రకాశం, నంద్యాల ప్రాంతాల మీదుగా పరుచుకుని ఉంది. 3,700 చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణం ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది. ఎండాకాలంలో ఆకు రాల్చే పొడి అడవి అది. అక్కడ దుప్పిని తినడానికి పులి ఉంది, చిరుత ఉంది, రేచుకుక్కల గుంపులున్నాయి, పిల్లలనైతే కొండచిలువా నక్కా కూడా పట్టుకుపోతాయి. పులుల ఆహారం మీద ఉల్లాస్ కారంత్ కర్ణాటక అడవుల్లో చేసిన పరిశోధన నుంచి వచ్చిన ఒక స్థూల లెక్కను దేశమంతటా వాడుతున్నారు. పులికి ఏడాదికి దుప్పి పరిమాణంలో ఉన్న జంతువులు 50 దాకా కావాలి. తన పరిధిలోని గిట్టల జంతువుల్లో ఏటా పదో వంతుకు మించి పులి తినలేదు, అంటే ఒక్క పులి నిలబడాలంటే 500 జంతువులు బతికి ఉండాలి. 2022 జాతీయ గణనలో ఆంధ్రప్రదేశ్‌కు 63 పులులని తేలింది. వాటికే ఏటా 3,000కు పైగా జంతువులు కావాలి, వెనుక 30,000కు పైగా నిల్వ ఉండాలి. వీటిలో అడవిపందులూ మనుబోతులూ కలిసి ఉంటాయన్నది నిజమే. కానీ చిరుతల వాటా, రేచుకుక్కల వాటా ఇంకా ఈ లెక్కలోకి రానేలేదు.

అంటే రమ్ దీవిలో మనిషి తూటా వచ్చి తీసుకున్న మిగులును నల్లమలలో పులీ చిరుతా రేచుకుక్కా ఎప్పుడో తీసేసుకున్నాయి. అక్కడ దుప్పి పిల్ల మేత చాలక చావదు, పంటికి చిక్కి చస్తుంది. కనుక ఉచ్చులో ఒక తల్లి దుప్పి పోయినంత మాత్రాన మరో పిల్ల బతికే అవకాశం పెరగదు. పులి ఆకలి తగ్గదు కదా. ఈ చావు దేనికీ బదులు కాదు, ఉన్న చావుల మీద వచ్చి పడే అదనపు చావు. ఒకే పని, అంటే ఒక దుప్పిని చంపడం, ఒక చోట మందకు నష్టం కలిగించకపోవడానికీ మరో చోట మందను కుంగదీయడానికీ కారణం ఇంతే. జీతం రాగానే ఇంటద్దె, పిల్లల ఫీజు, అప్పు వాయిదా పోయి చేతిలో ఏమీ మిగలని ఇంటి నుంచి నెలనెలా మరో వెయ్యి తీసినట్టు ఉంటుంది ఆ నష్టం. మొదటి నెల ఎవరికీ తెలియదు.

ఎంత చిన్న అదనపు చావు ఎంత పని చేస్తుందో చూపడానికి నేను ఒక ఊహాలెక్క వేస్తాను. ఇవి ఏ అడవిలోనూ కొలిచిన అంకెలు కావు, తర్కం అర్థం కావడానికి ఎంచుకున్న గుండ్రటి అంకెలు. ఈడొచ్చిన ఆడదుప్పులు 100 ఉన్నాయనుకుందాం. పులి వల్ల, రోగం వల్ల, ముసలితనం వల్ల ఏటా 10 పోతాయి. అవి ఏడాదికి 80 పిల్లలను ఈనితే అందులో 40 ఆడపిల్లలు. ఆ 40లో తల్లి అయ్యే వయసు దాకా బతికేవి 10. పది పోయి పది వచ్చాయి, మంద నిలకడగా ఉంది. ఇప్పుడు ఉచ్చులు, నాటు తుపాకులు, కుక్కల వేట కలిసి ఏటా ప్రతి నూరింటికీ మరో అయిదు ఆడదుప్పులను మాత్రమే తీస్తున్నాయనుకుందాం. నూటికి అయిదు! దారిన పోయేవాడి కంటికి అడవి ఎప్పటిలాగే దుప్పులతో నిండి కనిపిస్తుంది. కానీ మంద ఏటా అయిదు శాతం చొప్పున తరుగుతూ 14 ఏళ్ళలో సగమవుతుంది. ఆ అయిదింటినీ పూడ్చాలంటే నలభై ఆడపిల్లల్లో పదికి బదులు పదిహేను బతకాలి, అంటే పిల్లల మనుగడ ఒక్కసారిగా సగం మేర పెరగాలి. మేతకు కొరత ఉన్న దీవిలో అది జరుగుతుంది. పులులున్న అడవిలో జరగదు.

ఈ లెక్క ఊహాత్మకమైనా దాని వెనుక ఉన్న సూత్రం గట్టిది. ఫ్రాన్సుకు చెందిన జాన్-మిషెల్ గయ్యార్, ఆయన సహపరిశోధకులు 1998లో పెద్ద శాకాహార జంతువుల మీద వచ్చిన దీర్ఘకాల అధ్యయనాలను ఒకచోట చేర్చి పరిశీలించారు. పిల్లల మనుగడ ఏటేటా విపరీతంగా ఎగుడుదిగుడు అవుతుందనీ, ఈడొచ్చిన ఆడవాటి మనుగడ ఎక్కువగా, దాదాపు స్థిరంగా ఉంటుందనీ వారు చూపారు. ప్రకృతి ఆ జంతువుల జీవితాన్ని అలా అమర్చింది. కరవొస్తే ఆ ఏటి పిల్ల పోవచ్చు, తల్లి బతికి మరుసటి ఏడు మళ్ళీ ఈనుతుంది. తల్లి మనుగడలో కొద్దిపాటి తేడా వచ్చినా మంద భవిష్యత్తు మారిపోతుంది, పిల్లల మనుగడలో అంతే తేడా వస్తే మంద తట్టుకుంటుంది. దుప్పి సాధారణంగా ఒక ఈతకు ఒక్క పిల్లనే వేస్తుంది. దాని గర్భకాలం ఏడున్నర, ఎనిమిది నెలలు. అడవిపందిలా ఒకే ఈతలో అనేక పిల్లలు వేసి నష్టాన్ని పూడ్చుకునే శక్తి దానికి లేదు.

ఇక చంపేది ఎవరు, చచ్చేది ఎవరు అన్న ప్రశ్న. పులి గానీ రేచుకుక్క గానీ దొరికినదాన్నే పట్టుకుంటాయి, దొరికేవాటిలో పిల్లలు, ముసలివి, కుంటివి, రోగంతో వెనకబడినవి ఎక్కువగా ఉంటాయి. అమెరికాలో యెల్లోస్టోన్ పార్కుకు 1995లో తోడేళ్ళను తిరిగి తెచ్చిన తర్వాత, అవి చంపిన ఎల్క్ జింకల వయసునూ పార్కు సరిహద్దు బయట మనుషులు కాల్చిన వాటి వయసునూ పోల్చి చూశారు. తోడేళ్ళు చంపినవి ఎక్కువగా పిల్లలూ బాగా ముసలివైన ఆడవీ. మనుషులు చంపినవి నిండు వయసులో ఉండి ఇంకా ఎన్నో ఈతలు ఈనవలసినవి. తలకొక్కటి చొప్పున లెక్కిస్తే రెండు చావులూ సమానమే. మంద లెక్కలో మాత్రం కావు. మన దగ్గర తుపాకీ పట్టినవాడు కండపట్టిన జంతువునే ఎంచుకుంటాడు. ఉచ్చుకైతే ఎంపికే లేదు. బండి క్లచ్ వైరుతో కట్టిన ఉచ్చులో మెడ దూర్చినది చూలుతో ఉన్న దుప్పా, పాలిస్తున్న తల్లా, మూషిక జింకా, చిరుతా అన్నది తీగకు తెలియదు. పాలిచ్చే తల్లి చిక్కితే పొదలో దాగిన పిల్ల కూడా చస్తుంది, ఆ చావు ఎవరి లెక్కలోనూ పడదు. తీగ తెంపుకుని పారిపోయినది పుండు కుళ్ళి ఎక్కడో పడిపోతుంది, అదీ లెక్కలో లేదు. ఆగ్నేయాసియాలో అయిదు రక్షిత అరణ్యాల నుంచి 2010, 2015 సంవత్సరాల మధ్య 2 లక్షలకు పైగా ఉచ్చులు ఏరివేశారు. చెట్లన్నీ నిలిచి ఉండి జంతువులు మాయమైన అడవులు ఆ ప్రాంతంలో ఇప్పుడు ఎన్నో ఉన్నాయి.

మగవాటిని మాత్రమే చంపితే ఫరవాలేదా అని అడగవచ్చు. కొంతవరకు ఫరవాలేదు, ఎందుకంటే ఒక మగజంతువు ఎన్నో ఆడవాటితో జతకట్టగలదు. దానికీ హద్దుంది. మధ్య ఆసియా మైదానాల్లో సైగా జింకలను కొమ్ముల కోసం చంపారు, కొమ్ములుండేది మగవాటికే. మగవి మరీ అరుదైపోయిన చోట ఆడవి చూలు కట్టడమే పడిపోయిందని 2003లో మిల్నర్-గలాండ్ బృందం ప్రకటించింది. లక్షల్లో ఉన్న జంతువు ఒక్క దశాబ్దంలో వేలల్లోకి వచ్చింది.

లైసెన్సు వేట కోరేవారు సాధారణంగా పట్టించుకోని విషయం మరొకటి ఉంది, నా దృష్టిలో మన వాతావరణానికి సంబంధించి ఇదే అన్నిటికన్నా ముఖ్యం. చలి దేశాల జింకలు ఏడాదిలో ఒకే కాలంలో జతకట్టి, ఒకే కాలంలో ఈనుతాయి. ఎర్రజింక శరదృతువులో జతకడుతుంది, ఎండలు మొదలయ్యే ముందు ఈనుతుంది. కాబట్టి పిల్లలు కాస్త ఎదిగి తల్లి లేకపోయినా బతకగల నెలల్లో వేటను అనుమతించి మిగతా నెలల్లో ఆపేయవచ్చు. వేటకాలం అనే ఏర్పాటు మొత్తం దీని మీదే నిలబడి ఉంది. మచ్చల దుప్పికి అటువంటి కాలం లేదు. కొన్ని నెలల్లో ఈతలు ఎక్కువగా ఉన్నా, ఒక మందలో ఏడాది పొడవునా ఏదో ఒక దుప్పి చూలుతోనో, పొదలో దాచిన పసిపిల్లతోనో ఉంటుంది. ఒకే మందలో ఒక మగదుప్పికి కొమ్ములు నిండుగా ఉంటే మరొకదానికి రాలిపోయి ఉంటాయి. ఏ నెలలో తుపాకీ పేల్చినా తల్లులను కొట్టకుండా ఉండటం సాధ్యం కాదు. కొమ్ములు రాల్చిన మగదాన్ని దూరం నుంచి, సందెవెలుగులో ఆడదాని నుంచి వేరుచేసి చూడటం అనుభవజ్ఞుడికే కష్టం. విస్కాన్సిన్ నియమాలను యథాతథంగా తెచ్చి మాచర్ల అడవిలో పెడితే వాటికి కాలు మోపే నేల దొరకదు.

ఎండాకాలం ఈ పరిస్థితిని ఇంకా విషమం చేస్తుంది. మార్చి దాటితే నల్లమలలో వాగులు ఎండి నీరు కొన్ని చెలమలకూ, అటవీ సిబ్బంది ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లకూ పరిమితమవుతుంది. విశాలమైన అడవిలో చెదిరి ఉండే మందలు రోజుకొకసారైనా ఆ నాలుగు చోట్లకు రాక తప్పదు. వేటగాడు అడవంతా తిరగనక్కరలేదు, నీటి దారిలో ఉచ్చులు కట్టి కూర్చుంటే చాలు. మిగతా ఏడంతా పట్టుబడని జాగ్రత్తగల తల్లి దుప్పులు, మందను నీటికి నడిపించేవి, అక్కడ ముందుగా పోతాయి. అడవి అంచు గ్రామాల్లో ఊరకుక్కలను వెంటబెట్టుకుని తరిమే వేట కూడా ఈ నెలల్లోనే ఎక్కువ, దప్పికతో నీరసించిన జంతువు దూరం పరుగెత్తలేదు కనుక. ఈ మాటలు చెంచులను ఉద్దేశించి రాయడం లేదు. వాళ్ళ విల్లు తరాలుగా ఆ అడవిలో ఉన్నదే, అడవీ ఉన్నదే. పైగా ఇప్పుడు అభయారణ్యం బేస్ క్యాంపుల్లో కాపలా కాస్తూ, జాడలు చూపుతూ పులుల రక్షణకు ఆధారంగా నిలిచినవారిలో చెంచులు ఉన్నారు. నేను చెబుతున్నది అడవి మాంసానికి పట్నాల్లో పలికే ధర నడిపించే వేట గురించి. ఆ ధర చెల్లించేవారు గుంటూరు, విజయవాడల్లో చదువుకున్న ఇళ్ళలో కూడా ఉన్నారు. విందులో దుప్పి మాంసం పెట్టడం ఇప్పటికీ గొప్పగా చెప్పుకునేవారు ఉన్నారని రాయడానికి నాకు బాధగా ఉంది, అయినా రాయక తప్పదు.

మహాభారతం అరణ్యపర్వంలో దీనికి సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది. ద్వైతవనంలో ఉంటున్న ధర్మరాజుకు కలలో ఆ అడవి మృగాలు కన్నీళ్ళతో కనిపించి, మీ వేట వల్ల మా కులాలు తరిగిపోయాయనీ, ఇప్పుడు విత్తనంగా మాత్రమే మిగిలామనీ, మేము మళ్ళీ పెరిగేలా మీరు మరో చోటికి వెళ్ళమనీ వేడుకుంటాయి. తెల్లవారగానే ఆయన తమ్ములతో చెప్పి ద్వైతవనం వదిలి కామ్యకవనానికి వెళ్ళిపోతాడు. ఆకలికి వేటాడే హక్కు ఆయనకు ఉందా లేదా అన్న చర్చ అక్కడ లేదు. విత్తనం మిగలాలన్న మాట ఒక్కటే ఉంది, దానికి ఆయన తలవంచాడు. విత్తనమంటే నేటి శాస్త్రం చెప్పే ఈడొచ్చిన ఆడజంతువే.

చట్టం విషయానికి వస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదట్లో కొన్ని జంతువులకు లైసెన్సు వేటను ఉంచింది. 1991 సవరణ దాన్ని పూర్తిగా తొలగించింది. అంటే మన దేశం లైసెన్సు పద్ధతిని చూడకుండా వదిలేయలేదు, కొంతకాలం నడిపి చూసి తర్వాత వదులుకుంది. అభయారణ్యంలో వేటకు 3 నుంచి 7 ఏళ్ళ జైలు ఉంది. నిషేధం రాసినంత మాత్రాన ఉచ్చులు మాయమవుతాయని నేను అనడం లేదు. కాపలా మనుషులు చాలకపోవడం, కేసులు కోర్టుల్లో ఏళ్ళ తరబడి సాగడం నిజాలే. అయితే కాపలా బలహీనంగా ఉందన్న కారణంతో వేటకు తలుపు తెరిస్తే, లెక్క పెట్టే యంత్రాంగమే లేని చోట లెక్క మీద ఆధారపడిన పద్ధతిని ప్రవేశపెట్టినట్టవుతుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఒక్కో జింక కళేబరానికీ చీటీ ఉంటుంది, ఏ మండలంలో ఎన్ని ఆడవి ఎన్ని మగవి పోయాయో నమోదవుతుంది, మరుసటి ఏటి అనుమతులు ఆ అంకెలను బట్టి ఉంటాయి.

పల్నాడు రైతు బాధను పక్కన పెట్టి ఈ విషయం రాస్తే అది నగరవాసి దయగా మాత్రమే మిగులుతుంది. మొక్కజొన్న, వేరుశనగ చేలను అడవిపందులు ఒక్క రాత్రిలో పాడు చేస్తాయి, దుప్పులూ మనుబోతులూ లేత పైరు మేస్తాయి. అప్పు చేసి విత్తిన మనిషికి జీవవైవిధ్యం గురించి ఉపన్యాసం ఇవ్వడం నాకు తగదు. చట్టం కూడా అతని మొర వినకుండా లేదు. పంటకు నష్టం చేసే కొన్ని జంతువులను అధికారి రాతపూర్వక అనుమతితో చంపడానికి 11వ సెక్షన్‌లో వీలుంది. బీహారులో 2015 చివర్లో మనుబోతులనూ అడవిపందులనూ నిర్ణీత కాలానికి హానికర జంతువులుగా కేంద్రం ప్రకటించింది కూడా. నా అభ్యంతరం చేల చుట్టూ కట్టే కరెంటు తీగ మీద. పందికి కట్టిన తీగ దుప్పినీ, పశువునూ, రాత్రి నీరు పెట్టడానికి వెళ్ళిన పక్కచేను మనిషినీ చంపుతోంది. పంట నష్టానికి పరిహారం ఆ సీజను ముగిసేలోపే చేతికి అందితే, అడవి అంచు చేలకు సౌరకంచెలకు రాయితీ దక్కితే, పందుల బెడద మితిమీరిన చోట అధికారుల చేతి మీదుగా, అడవి బయట, నమోదు చేసి తగ్గిస్తే, తీగ కట్టవలసిన అవసరం చాలావరకు పోతుంది. పంట నష్టాన్ని దుప్పి మాంసం వ్యాపారానికి సాకుగా వాడుకోనివ్వకూడదు.

ఇందుకు పెద్ద ఖర్చు లేని పనులు కొన్ని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. నాలుగేళ్ళకొకసారి పులుల గణన జరిగినప్పుడు సిబ్బంది అడవిలో ముందే గుర్తించిన గీతల వెంట నడిచి దుప్పులను, కణుజులను కూడా లెక్కిస్తారు; ఆ అంకెలను రేంజి వారీగా, తెలుగులో, మాచర్ల రైతుకూ గుంటూరు విద్యార్థికీ అందేలా ప్రచురించాలి. ఈడొచ్చిన ప్రతి నూరు ఆడదుప్పులకు ఎన్ని పిల్లలు కనిపించాయో అందులో ఉండాలి. ఏ రేంజిలోనైనా పిల్లలు బాగానే కనిపిస్తూ తల్లుల సంఖ్య పడిపోతుంటే అక్కడ ఉచ్చులున్నాయని అనుమానించి వెతకవచ్చు. పట్టుబడిన ప్రతి కళేబరానికీ పంచనామాలో "ఒక దుప్పి" అని రాసి వదిలేయకుండా ఆడదో మగదో, పళ్ళ అరుగుదలను బట్టి వయసెంతో, చూలుతో ఉందో లేదో పశువైద్యుడి చేత రాయించాలి. మార్చి నుంచి జూన్ దాకా నీటి గుంటల చుట్టూ కాలిబాటల్లో ఉచ్చులు ఏరే పనిని ఆ చుట్టుపక్కల గూడేల చెంచు యువకులకు రోజుకూలి మీద అప్పగించి, ఏరిన ఉచ్చుల సంఖ్యను నెలనెలా రేంజి ఆఫీసు గోడ మీద రాయించాలి.